కండరం బిగుసుకుంటే కారణం తెలియకుండా మందు వేయకండి

గ్యాస్ తగ్గాలని మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ పరగడుపున వేసుకునే మాత్ర, నెలలు గడిచేసరికి మనిషి నడకనే మార్చేయగలదు. అడుగులు చిన్నవవుతాయి. నడుస్తుంటే చెయ్యి ఊగదు. ముఖంలో నవ్వూ కోపమూ కనిపించవు. ఒళ్లంతా బిగుసుకుపోతుంది. చూసినవాళ్లు ముసలితనం అంటారు, వాతం అంటారు, కాస్త తెలిసినవాళ్లు పార్కిన్సన్స్ అంటారు. అసలు కారణం ఇవేవీ కాకపోవచ్చు. ఎసిడిటీ మందుతో కలిపి అమ్మే లెవోసల్పిరైడ్ మెదడులో డోపమైన్ పనిని అడ్డుకున్నందువల్ల వచ్చిన బిగుతు కావచ్చు. సకాలంలో గుర్తించి ఆ మందు మాన్పిస్తే చాలామంది కొన్ని వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటారు. గుర్తించకుండా దానిమీద బలం ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు, మాలిష్‌లు చేయిస్తూ పోతే నడిచే మనిషి మంచాన పడతాడు.

ఇంకోచోట వాంతులకు ఇంజెక్షన్ చేయించుకున్న పిల్లవాడి మెడ గంటల్లో వంకరపోతుంది. మరోచోట కాలికి మేకు గుచ్చుకున్న కూలీకి వారం తర్వాత దవడ పట్టేస్తుంది. ఇంకొక ఇంట్లో మానసిక సమస్యకు మందులు వాడుతున్న యువకుడు జ్వరంతో కొయ్యబారిపోతాడు. ఈ నలుగురికీ కండరాలు బిగుసుకున్నాయి. నలుగురిదీ వేరు వేరు జబ్బు, వేరు వేరు వైద్యం. ఒకరికి మందు ఆపాలి, ఒకరికి ఒక ఇంజెక్షన్ చాలు, ఇద్దరిని వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. కానీ మన ఊళ్లలో నలుగురికీ జరిగేది ఒకటే: ‘నరాల బలహీనత’ అని ఒక బీకాంప్లెక్స్ ఇంజెక్షన్, కండరాలు వదులయ్యే మాత్ర, నూనె మర్దన. ఈ అలవాటు ప్రాణాలు తీస్తోంది, బతికినవాళ్లను వికలాంగులను చేస్తోంది. అందుకే ఈ హెచ్చరిక.

పక్షవాతం తర్వాత వచ్చే బిగుతు

విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా కండరంలో కొంత బిగువు ఉంటుంది. అది ఎంత ఉండాలో మెదడూ వెన్నుపామూ కలిసి నిర్ణయిస్తాయి. ఈ ఏర్పాటులో ఎక్కడ దెబ్బ తగిలిందన్నదాన్ని బట్టి బిగుతు తీరు మారుతుంది. తీరును గమనిస్తే చోటు తెలుస్తుంది, చోటు తెలిస్తే జబ్బు తెలుస్తుంది.

మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి దెబ్బతింటే వచ్చే బిగుతును వైద్యులు స్పాస్టిసిటీ అంటారు. పక్షవాతం వచ్చినవారిలో, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో, వెన్నుపాముకు గాయమైనవారిలో దీన్ని చూస్తాం. చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుంటుంది, పిడికిలి బిగుస్తుంది, కాలు చాచుకుపోయి మునివేళ్లు నేలకు రాసుకుంటాయి. ఆ చేతిని మెల్లగా చాపితే చాచుకుంటుంది. గబుక్కున లాగితే ఎదురు తిరుగుతుంది, కొంత బలం పెట్టాక ఒక్కసారిగా వదిలేస్తుంది. మడతకత్తిని తెరుస్తుంటే చేతికి తగిలే పట్టు ఇలాంటిదే కాబట్టి వైద్య పుస్తకాల్లో దీనికి ఆ పేరే స్థిరపడింది. 1980లో జేమ్స్ లాన్స్ అనే నరాల వైద్యుడు దీన్ని నిర్వచించినప్పుడు కూడా కదిపే వేగంతో పాటు పెరిగే బిగుతు అన్నదే అందులో కీలకం. దీనితో పాటు బలహీనత ఉంటుంది. మోకాలి కింద సుత్తితో తడితే కాలు అతిగా ఎగురుతుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది.

పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో చెయ్యీ కాలూ సాధారణంగా వదులుగా వేలాడతాయి. రోజులో వారాలో గడిచాక బిగుతు మొదలవుతుంది. దాన్ని చూసి బలం వచ్చేసిందని ఫిజియోథెరపీ మాన్పించే కుటుంబాలున్నాయి. అదే పెద్ద పొరపాటు. బిగుసుకున్న కండరాన్ని రోజూ మెల్లగా సాగదీయకపోతే, చేతినీ పాదాన్నీ సరైన భంగిమలో ఉంచకపోతే, కండరమే పొట్టిదైపోయి కీలు శాశ్వతంగా ముడుచుకుపోతుంది. ఆ స్థితికి చేరాక ఏ మాత్రా దాన్ని తిరిగి చాపలేదు. గట్టిగా లాగి చాపే మాలిష్ వల్ల బిగుతు పెరుగుతుందే తప్ప తగ్గదు. పిడికిలి ముందే బిగిసి ఉన్న చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమనే ముందు ఫిజియోథెరపిస్టును అడగాలి. ఆ చేతికి కావలసింది తెరుచుకునే సాధన.

బాక్లోఫెన్, టిజానిడిన్ లాంటి మాత్రలు ఈ బిగుతును తగ్గిస్తాయి. ఒకటి రెండు కండరాలే బాధపెడుతుంటే బొటులినం ఇంజెక్షన్ పనిచేస్తుంది. అయితే బిగుసుకున్న కాలి ఆధారంతోనే నిలబడే రోగులు కొందరుంటారు. వాళ్లకు మోతాదు మించితే కాళ్లు కూలి కిందపడతారు. బాక్లోఫెన్‌ను చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే బిగుతు రెట్టింపై తిరిగివస్తుంది, జ్వరం, భ్రాంతులు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంకొక మాట: కొంతకాలంగా నిలకడగా ఉన్న రోగిలో ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మందు పెంచే ముందు కారణం వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, వీపు మీద పుండు, కాలిగోరు లోపలికి పెరగడం కూడా అందుకు కారణాలవుతాయి.

రెండు కాళ్లూ బిగుసుకుంటే వెన్నుపామును చూడాలి

రెండు కాళ్లూ మెల్లమెల్లగా బిగుసుకుపోతూ, చెప్పు తెలియకుండా జారిపోతూ, మెట్లు దిగడం కష్టమవుతూ ఉంటే అది కీళ్లవాతం అనుకుని నెలలు గడపకండి. వెన్నుపాము ఎక్కడో నొక్కుకుపోతోందేమో, దెబ్బతింటోందేమో చూడాలి. మెడలో అరిగిన డిస్కులు, వెన్నెముకకు పట్టిన క్షయ, గడ్డలు, బీ12 లోపం ఇందుకు కారణాలు. వెన్నెముక క్షయను పర్సివల్ పాట్ 1779లోనే వర్ణించాడు. ఈనాటికీ మన దేశంలో అది కాళ్లను పడగొడుతూనే ఉంది, అదీ మందులతో నయమయ్యే జబ్బు అయి ఉండి కూడా.

తెలుగు నేలకు ఇందులో సొంత గాయం ఒకటుంది. నెల్లూరు జిల్లా గ్రామాల్లో నీటిలోని ఫ్లోరైడ్ మనుషులను వంచేస్తోందని 1937లోనే వైద్య పరిశోధకులు ప్రచురించారు. తర్వాత నల్గొండ, ప్రకాశం జిల్లాల పేర్లు దేశమంతా ఇదే కారణంగా విన్నది. ఫ్లోరోసిస్ బాధితుడి వెన్ను వంగకపోవడానికి కారణం ఎముకలూ కీళ్ల బంధాలూ గట్టిపడటం. అయితే అలా పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కడం మొదలుపెడితే కాళ్లలో నరాల బిగుతు కూడా చేరుతుంది. మొదటిదానికి అలవాటుపడిన ఇంటివాళ్లు రెండోదాన్ని గుర్తించరు. ఎన్నేళ్ల నుంచో వంగిన మనిషే అయినా, కొత్తగా కాళ్లు తడబడినా, మూత్రం ఆపుకోలేకపోయినా, అసలు మూత్రమే రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొక్కుడు తీసేసే శస్త్రచికిత్స ఎంత ఆలస్యమైతే కాళ్లు తిరిగొచ్చే అవకాశం అంత తగ్గుతుంది.

బలం ఉండి కూడా కదలనివ్వని బిగుతు

రెండో రకం రిజిడిటీ. మెదడు లోతుల్లో కదలికలను సాఫీగా నడిపే కేంద్రాలు దెబ్బతింటే, అక్కడ డోపమైన్ తగ్గితే ఇది వస్తుంది. ఇక్కడ వేగంతో సంబంధం లేదు. మెల్లగా కదిపినా వేగంగా కదిపినా, ముడిచినా చాపినా ప్రతిఘటన ఒకేలా, మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. వణుకు కూడా తోడైతే మణికట్టు కదుపుతున్నప్పుడు అంచెలంచెలుగా ఆగి ఆగి కదులుతుంది. పిడికిలి బిగించమంటే బలంగానే బిగిస్తాడు. కానీ చొక్కా గుండీ పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

పార్కిన్సన్స్ ఎక్కువగా ఒక పక్క నుంచే మొదలవుతుంది. వణుకు లేకుండా కూడా మొదలవుతుంది. భుజం నొప్పి, భుజం బిగుతుతో మొదలైన జబ్బును ఫ్రోజెన్ షోల్డర్ అనుకుని నెలల తరబడి భుజానికే వైద్యం చేయించుకునేవాళ్లు తక్కువేమీ కాదు. నడకలో ఒక చెయ్యి ఊగడం మానేయడం, చేతిరాత చిన్నదైపోవడం, గొంతు తగ్గిపోవడం, వాసన తెలియకపోవడం కలిసి కనిపిస్తే నరాల డాక్టరును కలవండి. లెవోడోపా ఇప్పటికీ దీనికి అత్యుత్తమ మందు. దాన్ని సొంతంగా ఆపకూడదు. ఉపవాసమని, తీర్థయాత్రలో మాత్రలు మరిచిపోయామని, ఆపరేషన్‌కు ఏమీ తినకూడదన్నారని హఠాత్తుగా మానేస్తే తీవ్రమైన బిగుతు, జ్వరం, మతి తప్పడం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ ముందే ఈ సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. మాత్రలు వేసుకుంటూ డాక్టరుకు చెప్పకుండా ఆ పొడి కూడా తింటే మోతాదు రెండు వైపుల నుంచీ ఎక్కుతుంది.

మందుల వల్ల వచ్చే పార్కిన్సనిజం గురించి ఎంత చెప్పినా తక్కువే. లెవోసల్పిరైడ్ ఒక్కటే కాదు. కళ్లు తిరగడానికి ఇచ్చే సినారిజిన్, పార్శ్వపు నొప్పికి ఇచ్చే ఫ్లునారిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, మానసిక వైద్యంలో వాడే హాలోపెరిడాల్ లాంటివన్నీ ఈ బిగుతు తేగలవు. వీటిలో ప్రతిదానికీ సరైన సమయంలో సరైన ఉపయోగం ఉంది. ప్రమాదం అంతా అవసరం తీరాక కూడా పాత చీటీ చూపి నెలల తరబడి కొనుక్కోవడంలో, వృద్ధులకు కూడా అదే మోతాదు ఇవ్వడంలో ఉంది. ఇప్పటికే పార్కిన్సన్స్ ఉన్నవారికి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేస్తే జబ్బు ఒక్కసారిగా ముదురుతుంది. గ్యాస్ మాత్ర అట్ట మీద సన్నగా రాసిన మందు పేర్లు ఈ రోజే చదవండి. చదవడం రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించండి.

మానసిక వైద్యం కోసం వాడే మందులను మాత్రం ఎవరూ సొంతంగా ఆపకూడదు. బిగుతు కనిపిస్తే ఆ డాక్టరుకే చెప్పాలి. మోతాదు తగ్గించడానికో మందు మార్చడానికో ఆయనకు దారి ఉంటుంది.

మెలితిప్పే బిగుతు

మూడో రకం డిస్టోనియా. ఇందులో కండరాలు మనిషి ప్రమేయం లేకుండా పట్టేసి శరీరభాగాన్ని మెలితిప్పుతాయి. మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కంటి రెప్పలు మూసుకుపోతాయి, రాయబోతే చెయ్యి వంకరపోతుంది. వేరే పనులన్నీ చేసే చెయ్యి రాసేటప్పుడు మాత్రమే కొంకర్లు పోవడం చూసి నటన అనేవాళ్లున్నారు. నటన కాదు, మెదడు జబ్బు.

దీనిలో అత్యవసరమైనది మందు వల్ల వచ్చే రకం. వాంతుల ఇంజెక్షనో మానసిక వైద్యపు ఇంజెక్షనో చేసిన కొన్ని గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో, ముఖ్యంగా పిల్లల్లో, యువతలో, కళ్లు పైకి తేలిపోతాయి, మెడ వెనక్కి లాగేస్తుంది, నాలుక బయటికి వస్తుంది, దవడ పక్కకు తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు, దయ్యం అనుకుని మంత్రగాడి దగ్గరికి పరుగెత్తుతారు. రోగికి స్పృహ ఉంటుంది, పిలిస్తే వింటాడు. సరైన ఇంజెక్షన్ పడితే సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది. ముందు ఏ మందు ఇచ్చారో ఆ చీటీ, ఆ ఖాళీ సీసా డాక్టరుకు చూపించడమే సగం వైద్యం.

పిల్లల్లో మెల్లగా వచ్చే డిస్టోనియాను సెరిబ్రల్ పాల్సీ అని ముద్ర వేసి వదిలేయకూడదు. ఉదయం బాగానే నడిచి, సాయంత్రానికి కాలు వంకరపోయే పిల్లలు కొందరుంటారు. వారిలో లెవోడోపా చిన్న మోతాదుకే అద్భుతంగా తగ్గే వంశపారంపర్య రకం ఉంటుంది. ఇంకొకటి విల్సన్స్ జబ్బు. శరీరంలో రాగి పేరుకుపోయి కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే ఈ జబ్బును 1912లో కిన్నియర్ విల్సన్ వివరించాడు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే ఇది వస్తుంది కాబట్టి, మేనరికాలు ఇంకా సాగుతున్న మన కుటుంబాల్లో దీన్ని మరిచిపోకూడదు. చదువులో వెనకబడి, మాట ముద్దగా మారి, చేతులు వంకరపోతున్న పిల్లవాడికి ఎప్పుడో కామెర్లు వచ్చి ఉంటే, కంటిని ప్రత్యేకంగా పరీక్షించాలి, రాగి పరీక్షలు చేయించాలి. ముందుగా పట్టుకుంటే మందులతో బతికించుకోగలిగే జబ్బు ఇది. ఒక బిడ్డకు తేలితే తోబుట్టువులందరికీ పరీక్షలు చేయించాలి.

గంటల్లో ప్రాణం తీసేవి

పుల్లో మేకో గుచ్చుకున్న గాయం తర్వాత, సాధారణంగా మూడు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, మెడా పొట్టా గట్టిపడటం ధనుర్వాతం లక్షణాలు. చప్పుడైనా వెలుగు పడినా ఒళ్లు విల్లులా వంగిపోతుంది. రోగికి పూర్తి స్పృహ ఉంటుంది, ప్రతి నొప్పీ తెలుస్తుంది. బాలింతల్లో, నవజాత శిశువుల్లో ధనుర్వాతాన్ని 2015 నాటికి మన దేశం నిర్మూలన స్థాయికి తెచ్చింది. అందులో గర్భిణులకు వేసిన టీకాలది పెద్ద పాత్ర. కానీ టీకా కార్యక్రమం ఊరూరికీ చేరకముందు పుట్టిన రైతుకు, కూలీకి ఆ రక్షణ లేదు. ఇప్పుడు టీటీ బదులు టీడీ టీకా వేస్తున్నారు. పదేళ్లకోసారి పెద్దలూ వేయించుకోవాలి. గాయానికి పసరు, పేడ, సున్నం పూయడం ఇకనైనా మానాలి.

మానసిక వైద్యపు మందులు వాడేవారికి తీవ్ర జ్వరం, ఒళ్లంతా సడలని బిగుతు, చెమటలు, అయోమయం కలిసి వస్తే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. మన ఎండాకాలంలో దీన్ని వడదెబ్బ అనుకునే ప్రమాదం ఎక్కువ. తడిబట్టతో తుడుస్తూనే 108కి ఫోన్ చేయండి. ఏ మందు వాడుతున్నారో మొదటి మాటగా చెప్పండి. కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతినకముందే వైద్యం అందాలి.

జ్వరం, తలనొప్పి, వాంతులతో మెడ వంగకపోతే మెదడు పొరల వాపు కావచ్చు. అది కూడా గంటల మీద నడిచే జబ్బే. మాట్లాడకుండా, తినకుండా, పెట్టిన భంగిమలోనే ఉండిపోయే మనిషికి కెటటోనియా ఉండవచ్చు. దానికి లొరజెపామ్ మంచి మందు. ఇలాంటి మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం, కొట్టించడం నేరం. నీళ్లూ తిండీ లేక ప్రాణం పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ముసలివాళ్ల మతిమరుపు జబ్బులో కనిపించే బిగుతు ఇంకో ఎత్తు. స్నానం చేయిస్తుంటే, బట్టలు మారుస్తుంటే తల్లి చెయ్యి బిగుసుకుంటుంది. మొండితనం అనుకుని గట్టిగా లాగుతారు, కసురుతారు. ఆమె కావాలని చేయడం లేదు. పారాటోనియా అనే ఈ స్థితిలో ఎంత తొందరపెడితే అంత బిగుతు పెరుగుతుంది. మెల్లగా, చెప్పి, ఆగి కదిపితే వదులవుతుంది.

ఏం చేయాలి

కండరం బిగుసుకున్నప్పుడు ఇంటివాళ్లు గమనించాల్సినవి కొన్నే. హఠాత్తుగా వచ్చిందా, నెలల తరబడి పెరిగిందా? ఒక పక్కనా, రెండు కాళ్లలోనా, ఒళ్లంతానా? బలం తగ్గిందా, బలం ఉండి కదలిక తగ్గిందా? జ్వరం, గాయం, మూత్రం సమస్య ఉన్నాయా? గత మూడు నెలల్లో వేసుకున్న ప్రతి మాత్రా, గ్యాస్ మాత్రతో సహా, ఏమిటి? అప్పుడప్పుడు వచ్చిపోయే బిగుతైతే ఫోనులో వీడియో తీయండి. మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. దవడ పట్టేసినవారి నోట్లో చెంచా పెట్టకండి, నీళ్లు పోయకండి.

జ్వరంతో బిగుతు, దవడ పట్టేయడం, ఊపిరి లేదా మింగుడు కష్టమవడం, మూత్రం ఆగిపోవడం, హఠాత్తుగా ఒక పక్క పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఊరి వైద్యం కోసం ఒక్క గంట కూడా వృథా చేయకండి. మిగిలిన బిగుతులకు కూడా నరాల డాక్టరు సలహా కావాలి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్ ఆసుపత్రుల్లో నరాల విభాగాలున్నాయి.

మందుల షాపు యజమానులకు ఒక విన్నపం: లెవోసల్పిరైడ్ కలిసిన గ్యాస్ మాత్రను, సినారిజిన్‌ను, మెటోక్లోప్రమైడ్‌ను చీటీ లేకుండా ఇవ్వకండి, పాత చీటీ మీద నెలల తరబడి ఇవ్వకండి. ఆర్‌ఎంపీలకు ఇంకొకటి: మీ ఊరివాళ్లు మొదట మీ గడపే తొక్కుతారు. ఇంజెక్షన్ సిరంజి తీయకముందు పైన చెప్పిన ప్రశ్నలు అడగండి, అనుమానం ఉంటే పంపించేయండి. రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు ఈ మందుల అమ్మకాలపై తనిఖీలు చేయాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెద్దలకు టీడీ టీకా అడగకుండానే అందాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండాలి.

బిగుసుకున్న చెయ్యి చూపించి మందు అడిగే ముందు, అది ఎందుకు బిగుసుకుందో డాక్టరును అడగండి. జవాబు దొరికేదాకా ఏ మందూ మొదలుపెట్టకండి, డాక్టరు చెప్పకుండా ఏ మందూ ఆపకండి.